ఉప్పు మంత్రం

"పెరటి దారిన రమ్మను. వీధి గుమ్మంలోంచి వస్తే ఊరంతా సూస్తాది," అంది లక్ష్మణమ్మ.

ఊరు చూడక మానుతుందా? కూర్మమ్మ ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంట్లో ఏదో పోయిందని లెక్క. ఆ ముసలామెకి చిల్లంగి మంత్రాలు వచ్చని నౌపడ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటారు. గేదె తప్పిపోతే మాత్రం పొద్దున్నే ఆమె గుమ్మం ముందే నిలబడతారు. మనుషుల తీరే అంత!

ఈసారి పోయింది లక్ష్మణమ్మ పెద్దకోడలు శైలజ గొలుసు. ఇంట్లో ఎక్కువ తక్కువలన్న మాట రాకూడదని లక్ష్మణమ్మ తన పాత హారం చెరిపించి మూడు గొలుసులు చేయించింది. శైలజకొకటి, చిన్నకోడలు ఉషకొకటి, తనకొకటి. మూడూ ఒకే అచ్చు. శైలజ గొలుసుకి కొక్కెం వదులైతే నీలం వలదారం చుట్టి వేసుకుంటోంది. నిన్న సాయంత్రం మెడ తడుముకుంటే బోసిగా ఉంది.

"నా గది తుడిసింది ఉషే. ఇంకెవులు తీస్తారు?" అనేసింది శైలజ.

ఆ మాట పడ్డప్పట్నుంచి ఉష అన్నం ముట్టలేదు. బట్టలు సంచీలో సర్దేసుకుంది. గరివిడి నుంచి ఆమె తండ్రి బయల్దేరాడు. ఆయన వచ్చేలోగా సంగతి తేలకపోతే చిన్నకోడలు వెళ్ళిపోతుంది, ఊరెళ్ళిన చిన్నకొడుకూ తిరిగి రాగానే ఆమె వెనకాలే వెళ్ళిపోతాడు. ఇల్లు రెండు ముక్కలవుతుందని లక్ష్మణమ్మ రాత్రంతా కన్ను మూయలేదు.

కూర్మమ్మ పెరట్లోకి వచ్చి, ఉప్పుచేపలు ఆరబెట్టిన తడికెల చుట్టూ తిరిగింది. ఒకచోట వంగి గుప్పెడు మన్ను తీసింది. గుడ్డపేలికలో మూటకట్టి రొంటిన దోపుకుంది.

"ఏటి మామ్మా అది?" అంది శైలజ భయంగా.

"మన్ను. నీకేటే? మీ ఉప్పు బాన ఎక్కడున్నాది?"

చేపలకి వాడే ఉప్పు సామాన్ల గదిలో పెద్ద బాన నిండా ఉంది. కూర్మమ్మ ఆ గది కిటికీ మూసేసింది.

"ఒక్కొక్కలే ఎల్లండి. సీకట్లో మోసేతి దాకా సెయ్యి ముంచి, నాను తియ్యనేదని మనసులో అనుకోండి. అబద్ధమాడిన సెయ్యి తెల్లారేసరికి పుచ్చిపోద్ది."

"ఈ గోలంతా దేనికి? పోలీస్ స్టేషన్లో చెబితే పోద్ది," అన్నాడు పెద్దకొడుకు గంగరాజు.

"సెప్పు నాయనా. నీ మరదల్ని బెంచీ మీద కూకోబెడతారు. రేపు నీ తమ్ముడి మొకం ఎలగ సూస్తావు?"

గంగరాజు చొక్కా చెయ్యి మడవబోయి ఆగాడు. "మగోలు కూడా ముంచాలా?"

"నువ్వు ఉప్పు తినవేటి?"

గంగరాజు వెళ్ళొచ్చాడు. తర్వాత శైలజ. తర్వాత ఉష. ఉష లోపలికెళ్ళి ఎంతకీ రాదే! వచ్చేటప్పటికి కళ్ళ నిండా నీళ్ళు, మోచేతి దాకా ఉప్పు. ఎవరి మొహమూ చూడకుండా మూల నిలబడింది. శైలజ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

చివరికి లక్ష్మణమ్మ వెళ్ళింది. దగ్గుకుంటూ, మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఇట్టే వచ్చేసింది.

"ఇంక మంత్రం ముగించాల," అంటూ కూర్మమ్మ తనే లోపలికెళ్ళింది. బానలో ఉప్పు కెలికిన చప్పుడైంది. ఉన్నట్టుండి పకపకా నవ్వు వినిపించింది. బయట అందరూ ఓ అడుగు వెనక్కి వేశారు.

"సాప ఎయ్యండి! బాన ఒంపండి!"

ఉప్పు జరజరా జారింది. దాంతోపాటు గొలుసూ జారింది.

"ఓలమ్మ! నా గొలుసే!" శైలజ ఎగబడి తీసుకుంది. ఉష వైపు తిరిగింది. "సూసారా, ఇందాక ఇదే—"

"నోరు ముయ్యి," అంది కూర్మమ్మ. "నిన్న సేపలకి ఉప్పు తీసిందెవులు?"

"నానే."

"బానలోకి వంగింది నువ్వే. కొక్కేనికి దారం ఏదీ?"

శైలజ గొలుసు తిప్పి చూసింది. "నేదు. ఊడిపోనాది."

"దారం ఊడిపోతే గొలుసు మెళ్ళో ఆగుతాదేటే?"

శైలజ మొహం చిన్నబోయింది. గొలుసు మెళ్ళో పెట్టుకుంటే కొక్కెం టక్కున పట్టింది. "మామ్మా! వదులు కూడా పోనాది!"

"మరేటనుకున్నావు? ఉప్పు మహిమ," అంది కూర్మమ్మ, నవ్వాపుకుంటూ.

శైలజ వెళ్ళి ఉష చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోనాది ఉషా. ఆ సంచీ ఇప్పేసీ. లోపల అంతసేపు ఏటి సేసావే?"

"సరిగ్గా మునగకపోతే సెయ్యి పుచ్చిపోద్దని బయమేసి, మళ్ళీ మళ్ళీ ముంచానక్కా," అంటూ భోరుమంది ఉష. ఏడుస్తూనే అడిగింది, "అన్నం ఏమైనా ఉన్నాదా?"

ఇంటిల్లిపాదీ ఫక్కున నవ్వారు. ఉష తండ్రి వచ్చేసరికి కోడికూర వండాలని తోడికోడళ్ళిద్దరూ వంటింట్లోకి దూరారు. గంగరాజు కోడి కోసం పరిగెత్తాడు. నిన్నట్నుంచి మూగబోయిన ఇల్లు మళ్ళీ కేకలతో నిండిపోయింది. లక్ష్మణమ్మకి ప్రాణం లేచొచ్చింది.

పెరటి తలుపు దాకా వచ్చి సాగనంపుతుంటే కూర్మమ్మ ఆగింది.

"ఇంత ఉక్కలో మెడ సుట్టూ కొంగేటే?"

"గొంతు నొప్పప్పా," అంది లక్ష్మణమ్మ, కొంగు ఇంకా పైకి లాక్కుంటూ.

కూర్మమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. రొంటిన దోపుకున్న మన్ను మూట తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నీ గొంతుకి మందు. నాను మలుపు తిరిగినాక ఇప్పు. కోడళ్ళకి మాత్రం సూపించకు."

గొంతు నొప్పికి మన్నేమిటి, ముసలిదానికి మతి పోయిందనుకుంది లక్ష్మణమ్మ. అయినా భయం భయమే. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, తలుపు చాటున మూట విప్పింది.

మన్నులో నీలం దారం చుట్టిన గొలుసు ఉంది.