ఐదో స్థలం

"పట్టుండ్రిరా! గాయినె వచ్చిండు!"

అట్ట టోపీలు పెట్టుకున్న రోమను సైనికులు రోడ్డు మీద పోతున్న మనిషిని చుట్టుముట్టారు.

తలకు ఎర్ర రుమాలు, చంకలో మూట, పంచె అంచుకు మట్టి. అచ్చం ఉపదేశి ఇన్నయ్య చెప్పినట్టే ఉన్నాడు.

అది ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం. జనగామ దగ్గరి ఆ చర్చి విచారణలో యువకులు ఏటా వేషాలు కట్టి సిలువ మార్గం నడిపిస్తారు. గుడి దగ్గర మొదలుపెట్టి సిస్టర్ల దవాఖాన ఆవరణలో ముగిస్తారు.

ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. బస్సుల్లేవు.

"బంద్ అయితే ఏందిరా? తొవ్వంత మనదే!" అన్నాడు ఇన్నయ్య ఉషారుగా.

ఏసు సిలువ మోయలేక సోలిపోతుంటే, పొలం నుంచి వస్తున్న సీమోను అనే బాటసారిని సైనికులు పట్టుకుని మోయిస్తారు. పద్నాలుగు స్థలాలున్న సిలువ మార్గంలో అదే ఐదో స్థలం.

పోయినేడు ఆ వేషం ఊరి దర్జీ వేస్తే, "మా అంగీలు ఎప్పుడిస్తవ్ కాకా?" అని పిల్లలు భక్తి లేకుండా అరిచారు. అందుకే ఈసారి దేవరుప్పుల నుంచి ఉపేందర్ అనే కొత్త మనిషిని పిలిపించారు. ఆయన మొహం ఇక్కడ ఎవరికీ తెలియదు.

"ఎర్ర రుమాలు కట్టుకొని వస్తడు. మొయ్యనని మొండికేస్తడు. మీరు మాత్రం ఇడిశిపెట్టొద్దు," అని ఇన్నయ్య సైనికులకు ముందే చెప్పి ఉంచాడు.

మనిషి నిజంగానే మొండికేశాడు.

"తమ్మీ, ఇడువుండ్రి. జల్ది పోవాలె. మా ఇంటామె నా కోసం సూస్తున్నది."

"అబ్బ, ఏం యాక్టింగే!" అంటూ ఒక సైనికుడు జబ్బ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"యాక్టింగ్ కాదు తమ్మీ, నిజంగనే!"

"మస్తు చేస్తున్నవన్నా. గట్లనే కానీ."

ఇక్కడ ఏసు వేషంలో ఉన్న శ్రావణ్ పని అయిపోవచ్చింది. పొద్దటి నుంచి ఒక్కపొద్దు. పైగా వడ్రంగి భక్తి కొద్దీ సిలువను టేకుతో చేశాడు. దారి పొడవునా ఏసు మూడుసార్లే పడాలి. శ్రావణ్ ఐదో స్థలానికే ఆ కోటా పూర్తి చేశాడు.

ముందు పోతున్న ట్రాలీ ఆటోలో నుంచి ఇన్నయ్య మైకు అందుకున్నాడు. సువార్తలో సీమోను గురించి ఉన్న ఒక వివరం ఆయనకు మహా ఇష్టం.

"ఈ మనిషి ఎవరనుకుంటున్నరు? ఈయన ఇద్దరు కొడుకుల తండ్రి! ఇద్దరు కొడుకుల తండ్రి!"

మనిషి పెనుగులాట ఆగిపోయింది.

"నేనా? ఇద్దరు కొడుకులా?"

"మైకుల చెప్తలేరా?"

"తల్లి మంచిగున్నదా?"

సైనికుడు వెనక్కి చూశాడు. మరియమ్మ వేషంలో ఉన్న లత ముసుగు సర్దుకుంటూ వస్తోంది. నాలుగో స్థలంలో కొడుకును చూసి ఊరందరినీ ఏడిపించింది.

"మంచిగనే ఉన్నది. జర ఏడ్చింది గంతే."

మనిషి కళ్లు తుడుచుకున్నాడు. "మీరందరు ఏడికి పోతున్నరు?"

"సిస్టర్ల దవాఖానకు."

"నేను గూడ గాడికే!"

మూటను పక్కనున్న బాలనర్సమ్మ చేతిలో పెట్టాడు. సిలువను ఒక్కడే ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"నువ్వు ఉత్త చేతులతోటి నడువు బిడ్డా," అన్నాడు శ్రావణ్‌తో.

తను సిలువతో నడిచాడు. అదీ నవ్వుతూ.

ఇన్నయ్య మైకును చేత్తో మూసి, "సీమోను నవ్వొద్దు! బాధపడాలె!" అని అరిచాడు. సీమోను వినలేదు. తిరిగిచ్చేయమన్నా సిలువ ఇవ్వలేదు.

దవాఖాన ఆవరణలో సిలువను మెల్లగా గోడకు ఆనించి లోపలికి పరుగెత్తాడు.

"గంజి తాగి పోరాదు!" అని వెనక నుంచి కేకేశారు. అప్పటికే మాయమయ్యాడు.

అందరూ గంజి తాగుతుంటే ఒకాయన సైకిల్ మీద వగరుస్తూ వచ్చాడు. ఆయన తలకూ ఎర్ర రుమాలే.

"మాఫ్ చెయ్యుండ్రి. తొవ్వల బందోళ్లు వంటావార్పు పెట్టిండ్రు. ఒక్కపొద్దున్న అంటే ఇనలే. తింటెనే పోనిస్తమన్నరు," అంటూ త్రేన్చాడు.

"నువ్వెవరు?"

"ఉపేందర్‌ను. సీమోను వేషం నాదే."

గంజి గిన్నెలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

"మరి మోసినాయినె ఎవరు?"

బాలనర్సమ్మ గబగబా మూట విప్పింది. మెత్తటి పాత చీర ముక్కలు, వాము పొట్లం.

"ఓ దేవుడా! గివి బాలింత సామాన్లురా!"

ఇన్నయ్య గంజి గిన్నె కింద పెట్టాడు. మూట తీసుకుని లోపలికి ఉరికాడు. గుమ్మంలోనే సిస్టర్ ఎదురైంది.

"హీర్యా మూటనా? రాత్రి ఆయన మిరప కల్లం కాడ కావలి ఉంటే, ఆయన అత్తనే నొప్పులతోటున్న తన బిడ్డను తీస్కొచ్చి చేర్పించింది. పాపం, బంద్ గదా, తండా నుంచి నడిచే వచ్చిండు."

"మేమే ఆపినం సిస్టర్," అన్నాడు ఇన్నయ్య సిగ్గుతో. "అరిచి గీపెట్టినా ఇడువలే. అంతా మంచిదేనా?"

"తల్లి మంచిగుంది. ఇద్దరు మగపిల్లలు."

ఇన్నయ్య మూటను ఆమె చేతికిచ్చాడు.

"నాకు ఒక్కటే అర్థమైతలేదు," అంది సిస్టర్. "కడుపుల ఇద్దరున్నరని మాకే తెల్వదు. రెండో పిల్లగాని బొడ్డు గూడ కొయ్యకముందే ఆయన తలుపు కొట్టి, 'నా ఇద్దరు కొడుకులేరి సిస్టర్?' అని అడిగిండు."