పది నిమిషాల తర్వాత

తోడబుట్టిన అక్క జ్ఞానసుందరిని పూడ్చిపెడుతుంటే పిడికెడు మట్టి వెయ్యడానికి ఎలీషా రాలేదు. ఆమె భర్త సత్యానికి ఇది పొద్దు తూర్పున పొడిచినంత నిజం. ఎలీషాను చూశామన్నవాళ్లంతా భార్య తరఫు చుట్టాలు. అంచేత వాళ్లంతా అబద్ధాలకోర్లు.

"రేపు అమ్మ జ్ఞాపకార్థ కూడిక. మావని పిలవకపోతే ఎలాగ నాన్నా?" అంది కూతురు మెర్సీ.

"రానోణ్ణి పిలవడమేటి?"

"వచ్చినాడని పదిమంది సెప్పినారు. ఆ రోజు నాను సొమ్మసిల్లి పడిపోకపోతే నానే సూద్దును."

"వీడియో ఉన్నాది. వందసార్లు సూసినాను. అందల ఆడి నీడ కూడా లేదు."

"ఏటి సూసినావు? పది నిమిషాలకే అది ఆగిపోతాది. పెట్టె దించిందాకానే గదా ఎప్పుడైనా సూసినావు."

అది అబద్ధం కాదు. గోడ మీద బొమ్మ వేసే ఆ ప్రొజెక్టర్ పది నిమిషాలు నడిచి, వేడెక్కి, ఎర్రదీపం వెలిగించి ఆగిపోయేది. వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ని సత్యం చొక్కా జేబు దాటనిచ్చేవాడు కాదు. కంప్యూటర్లో పెట్టి చూస్తామంటే, "మీ సేతుల్లో పెడితే మాయమైపోతాది" అనేవాడు.

"ఆ ప్రొజెక్టర్ బాగుసేయిస్తాను. మావ కనబడితే పిలుస్తాను. సరేనా?"

"కనబడితే కాళ్లు కడిగి కూకోబెడతాను. కనబడకపోతే ఆడి పేరు ఈ ఇంట్లో ఇంక ఇనబడకూడదు."

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో రిపేరు షాపు నడిపే నీలవేణి సంచీ తగిలించుకుని వచ్చింది. సత్యం ఆమెను ఎగాదిగా చూశాడు.

"మగోళ్లు దొరకలేదేటి?" అని కూతుర్ని అడిగాడు.

"దొరుకుతారు మావా. ఆళ్లు పాడుసేసినవి బాగుసేయడానికే నాకు తీరిక సాలట్లేదు" అంది నీలవేణి.

ఆమె ప్రొజెక్టర్ పక్కనున్న చిన్న తలుపు తీసి, లోపలి నుంచి అరచెయ్యంత స్పాంజి ముక్కను లాగింది. అది అట్టలా బిగుసుకుపోయి ఉంది. గోటితో గీరి వాసన చూసింది.

"ఇది రోడ్డు దుమ్ము కాదు. చోడిపిండి. దీన్ని ఎక్కడ పెడతన్నారు?"

మెర్సీ వంటింటి అరుగు చూపించింది. చోడిపిండి డబ్బా పక్కనే దాని చోటు. పొద్దున్నే రాగి అంబలికి పిండి తీసేది సత్యమే. గుప్పిళ్లతో తీసి, చేతులు అక్కడే దులిపేవాడు.

"ఇది దీని ముక్కు మావా. ముక్కులో పిండి కూరితే నువ్వు మాత్రం పది నిమిషాలు బతుకుతావేటి?"

"ఎప్పటికప్పుడు నోటితో ఊదుతూనే ఉన్నాను."

"అందుకే ముద్దకట్టింది. నోటితో ఊదితే తడి ఎల్తాది. అద్దం దేంతో తుడిసినావు?"

"తువ్వాలుతో."

"అదీ సంగతి. అద్దం నిండా గీతలే."

"తుడవకపోతే ఒక తప్పు, తుడిస్తే ఒక తప్పు. మీ సదువులన్నీ తప్పులెన్నడానికే."

నీలవేణి స్పాంజిని పెరట్లోకి తీసుకెళ్లి మెత్తటి కుంచెతో దులిపింది. రబ్బరు బుడ్డి నొక్కుతూ ఫ్యాను రెక్కల మధ్యకు గాలి కొట్టింది. పిండి పొగలా లేచింది. మెత్తటి గుడ్డతో అద్దాన్ని మధ్య నుంచి అంచులకు గుండ్రంగా తుడిచింది.

"పదిహేను రోజులకోసారి స్పాంజి దులపండి. ఆపినాక ఫ్యాను తిరగడం మానేదాకా ప్లగ్గు పీకకండి. పూర్తిగా సల్లారినాకే గుడ్డ కప్పండి" అని మెర్సీకి చెప్పింది. సత్యానికి చెప్పి లాభం లేదని ఆమెకు అప్పటికే తెలిసింది.

కిటికీలు మూసి వీడియో పెట్టారు. పాస్టరు ప్రార్థన చేశాడు. పాట పాడారు. పెట్టె గోతిలోకి దిగింది. పది నిమిషాలైంది. సత్యం ఎర్రదీపం కోసం చూశాడు. వెలగలేదు.

గోడ మీద జనం ఒక్కొక్కరే వంగి మట్టి వేస్తున్నారు. ఆఖరివాళ్లు వేసి పక్కకు తప్పుకుంటుండగా, సమాధుల తోట వెనకనున్న రైలు పట్టాల వైపు నుంచి ఒక మనిషి పరుగున వచ్చాడు. ఒంటి మీద పట్టాల పనివాళ్లు తొడుక్కునే నారింజరంగు కోటు. గోతి దగ్గర మోకాళ్ల మీద కూలబడి పిడికెడు మట్టి వేశాడు. ఎలీషా.

"సూడు నాన్నా" అంది మెర్సీ.

"దొంగేసాలు" అన్నాడు సత్యం. "అందరూ ఏసీసినాక, ఆఖర్న. సొంతోళ్లయితే ముందుంటారు."

"మరి నువ్వెప్పుడు ఏసినావు మావా?" కుంచెలు సంచీలో సర్దుకుంటూ నీలవేణి మామూలుగా అడిగింది. "మట్టేసినోళ్లందర్నీ సూసినాను. నువ్వు కనబళ్లేదు."

మెర్సీ వీడియోను వెనక్కి తిప్పింది. మళ్లీ చూశారు. తండ్రి ముందు లేడు, మధ్యలో లేడు. బొమ్మ చివర, దూరంగా రోడ్డు వైపు గేటు దగ్గర అతని తెల్లచొక్కా ఉంది. సమాధికి వీపు పెట్టి, ఎవరు రాలేదో లెక్కతేల్చుకోవడానికి రోడ్డు కాపు కాస్తోంది.

బొమ్మలో ఎలీషా లేచి చుట్టూ చూశాడు. "బావేడీ?" అన్నాడు. ఎవరూ పలకలేదు. అతను మళ్లీ వంగి ఇంకో పిడికెడు మట్టి తీశాడు.

"అక్కా, ఇది బావది" అన్నాడు.

సత్యం లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "రేపు ఆణ్ణి రమ్మను. ఈ మట్టి సంగతి మాత్రం నాను సచ్చిందాకా ఎత్తను. మీరూ ఎత్తకండి."