పదికి రెండు

"అత్తయ్యా, ఈ పంటినొప్పి పేరాలో మూడో ప్రశ్నకి జవాబు బి. డాక్టరంటే భయమేసి వెళ్ళలేదట. అచ్చం మీ అబ్బాయే!" అని నవ్వింది నా కోడలు.

జవాబుల పేజీ నా చేతిలో ఉంది. నవ్వలేక, "తప్పమ్మా" అని ఇంటూ పెట్టాను.

తెల్లారితే తనకి ఇంగ్లీషు పరీక్ష. గట్టెక్కితే వేరే ఊళ్ళో ఉద్యోగం. కొడుకూ కోడలూ పాపని తీసుకుని వెళ్ళిపోతారు. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు.

రైలు తప్పిపోయిన ప్రయాణికుడి పేరా చదివి జవాబు చెప్పింది. ఇంటూ. కొత్త ఆసుపత్రిలో చేరిన నర్సు పేరా రెండుసార్లు చదివింది. మళ్ళీ ఇంటూ.

"నిన్న తొమ్మిది వచ్చాయి కదా! ఇవాళ నా బుర్రకేమైంది?" అని గోళ్ళు కొరుక్కుంది. నేను తలెత్తకుండా తర్వాతి జవాబుకీ ఇంటూ పెట్టాను.

"పదికి రెండు" అన్నాను చివరికి.

తను పుస్తకం మూసేసింది. "నా వల్ల కాదు అత్తయ్యా. రేపు వెళ్ళి పరువు తీసుకోవడం ఎందుకు? మానేస్తాను."

నేను కోరుకున్న మాటే. అది విన్నాక తన ముఖంలోకి చూడలేకపోయాను. భగవంతుడా అనుకుని, జవాబుల పేజీ తన ముందు పెట్టాను.

"ఒకసారి నువ్వే చూసుకోమ్మా."

ఒక్కొక్కటే వేలితో పోల్చుకుంటూ వెళ్ళి తలెత్తింది.

"ఇవన్నీ రైటే కదా అత్తయ్యా! మీకు కళ్ళజోడు మార్చాలి."

"నా చూపు బాగానే ఉందమ్మా" అన్నాను.