జరగని బోర్డు

పెళ్ళిచూపులు ఇళ్ళలో మానేసి షూటింగు రేంజిలో పెట్టుకుంటున్న రోజులవి. కొత్తవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని గుంటూరు రేంజిలోని గురి బోర్డులు తూటా ఎటు వస్తే అటు జరిగి, సరిగ్గా నడిమధ్యన తగిలించుకుంటాయి. పెళ్ళికొడుకు తేజోవర్ధన్ కాల్చినవన్నీ అలాగే తగిలాయి.

"మావాడికి గురి తప్పడమంటే ఏంటో తెలీదు వదినగారూ!" అని వాళ్ళమ్మ పొంగిపోయింది.

పెళ్ళికూతురు సుహాసిని తుపాకీ పట్టడం అదే మొదలు. జీవితమంతా కలిసి ఉండాల్సిన మనిషి ఎలాంటివాడో ఆ పూటలోనే తేల్చుకోవాలి ఆమె.

"మాస్టారూ, ఆ బోర్డుని కదలకుండా ఆపండి."

"అలా ఎవరూ అడగరమ్మా," అంటూనే రేంజిలో కాల్చడం నేర్పే డేవిడ్ మాస్టారు మీట నొక్కాడు. తుపాకీ మడమ భుజానికి ఎలా ఆనించాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో ఎంతో ఇష్టంగా చూపించాడు. ఆ పాఠం అడిగినవాళ్ళు లేక ఏళ్ళయింది.

మొదటి తూటా వెనక మట్టిగోడలో దిగింది.

"అయ్యో, పిల్ల చూపులో ఏదో తేడా ఉన్నట్టుందే!" అంది పెళ్ళికొడుకు తల్లి.

ఇంకో రెండుసార్లు కాల్చాక బోర్డు అంచు చిట్లింది. సుహాసిని పకపకా నవ్వి, తుపాకీ బల్లమీద పెట్టింది.

"మీరూ ఒకసారి కాల్చండి."

తేజోవర్ధన్ దర్జాగా కాల్చాడు. తూటా గోడలోకి పోయింది.

"ఏం బోర్డయ్యా ఇది? కాస్త ఇటు జరగాలని తెలీదా దీనికి?" అని మాస్టారి మీద విరుచుకుపడ్డాడు.

సుహాసిని తల్లివైపు తిరిగింది.

"అమ్మా, నేను కూడా జరగనని వాళ్ళకి ఇప్పుడే చెప్పెయ్."