వెనక సీటు బరువు

యలహంక రిపేరు షెడ్డులో చీకటి పడ్డాక, రాగి సంగటి తెచ్చిన అక్క నంజమ్మను మెకానిక్ మునెప్ప తాను బాగుచేస్తున్న కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, కారు కిందికి దూరాడు. బరువు పడితే కారు కుంగాలి, గాలి పంపు మోగి దాన్ని మళ్లీ పైకెత్తాలి.

"నా బరువు తూచేకి పిలిచినావేంరా?"

పంపు సన్నగా మూలిగి కారును ఎత్తింది.

"చాలు, దిగుక్కా."

ఆమె దిగింది, కారు తలుపు పడింది. గిన్నె కడగడానికి బయట కుళాయి దగ్గరికి వెళ్లింది.

కారు మళ్లీ కుంగింది. తలుపు చప్పుడే కాలేదు. పంపు కష్టంగా ఎత్తింది. వెంటనే ఇంకా కిందికి కుంగింది. ఈసారి పంపు మోగలేదు. ఇనుము మునెప్ప రొమ్మును అదిమింది. అరవడానికి ఊపిరి చాలలేదు.

కుళాయి ఆగింది. గుమ్మం దగ్గర అక్క గొంతు వినిపించింది.

"ఏంరా, ఇంతమందిని ఎక్కించినావు? నన్నేమో దిగమంటివే!"