ఎదురు ప్యానెల్

నామినేషన్ల ఆఖరి రోజు. గడువు పన్నెండింటిదాకా. ఇంకా పది నిమిషాలుండగా ఎవారిస్తో అనే మనిషి పురపాలక ఆఫీసు మెట్లెక్కాడు.

"మేయరు పదవికి పోటీ చేస్తున్నాను. ఇదీ నా ప్యానెల్," అన్నాడు గుమస్తాతో, కాగితాల కట్ట బల్ల మీద పెట్టి.

అతను మెట్లు దిగేలోపే ఆ కబురు కాఫీ బారుకు చేరింది. మా కొండూరు మోంతెలార్కోలో కబురుకి కాళ్లతో పనిలేదు.

"ఊరికొచ్చి రెండేళ్లయింది. ఒకరి పెళ్లికి రాడు, ఒకరి చావుకి రాడు. ఇప్పుడు మేయరు కావాలట!" అన్నాడు మంగలి గాస్పరే, పేకముక్కని బల్లకేసి కొట్టి.

"ప్యానెల్లో ఇంకెవరున్నారట?" అన్నాడు పక్కవాడు.

"అంతా పైఊరివాళ్లే. ఇక్కడ ఓటున్నది ఈ మహానుభావుడొక్కడికే!"

అందరూ నవ్వారు. నివెస్ మాత్రం నవ్వలేదు.

నివెస్ ఆ ఊరి నర్సు. అప్పటిదాకా పోటీలో ఉన్నది ఆమె ప్యానెల్ ఒక్కటే. నిలబడిందే ఆరోగ్య కేంద్రం కోసం.

పోయిన ఏడాది ఓటర్లలో సగంమంది కూడా రాలేదని ఎన్నికే చెల్లదన్నారు. ప్రభుత్వం పంపిన కమిషనరు ఊరి పెత్తనం తీసుకున్నాడు. బడి మూసేశాడు. బస్సుని రోజుకి ఒక్కసారికి తగ్గించాడు. ఈసారీ ఎన్నిక పోతే ఆరోగ్య కేంద్రానికి తాళం ఖాయం. కొండ దిగి ఆసుపత్రికి చేరాలంటే గంటన్నర పడుతుంది.

ఆ సాయంత్రమే ఆమె ఎవారిస్తో తలుపు తట్టింది.

"మీకు దణ్ణం పెడతాను, తప్పుకోండి. గొడవలెందుకని జనం ఇళ్లలో కూర్చుంటే మళ్లీ సగం రారు."

"వస్తారమ్మా."

"అయితే తప్పుకోరా?"

"తప్పుకోను."

"మా ఊరంటే మీకెందుకండీ అంత కోపం?"

"మెట్లు పాకుడు పట్టాయి, చూసుకుని దిగమ్మా," అన్నాడు.

మర్నాటి నుంచి బారులో అతనికి కాఫీ పోసేవాళ్లు లేరు. అతని పోస్టరు మీద ఎవరో గాడిద చెవులు గీశారు. అతను వాటిని తుడిచి, ఊడిన మూలలు అంటించి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఓట్లయ్యాక గది ఖాళీ చెయ్యమంది అతని ఇంటి యజమానురాలు అస్సుంతా.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ చెవులు చూసి నవ్వనివాళ్లు మా ఊళ్లో లేరు.

అతన్ని ఓడించడమే ఊరికి పండగైపోయింది. పోయినసారి ముసుగుతన్ని పడుకున్నవాళ్లంతా ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు తొడుక్కొచ్చారు. పోలింగు రెండు రోజులూ ఆ మూసేసిన బడిలోనే. తొంభై ఒక్కేళ్ల ఎర్మెలిందాని వంటింటి కుర్చీలో మోసుకొచ్చారు.

"నెమ్మదిగా మోయండ్రా! ఆ పరాయోడు ఓడిపోయేదాకా నేను చావను," అందామె.

సోమవారం మధ్యాహ్నం మూడింటితో పోలింగు ఆఖరు. రెండున్నరకి ఎవారిస్తో బట్టల పెట్టెతో సహా వచ్చాడు. ఓటేశాడు. ఓటు గుర్తు పెట్టిన పెన్సిలు తిరిగిచ్చేసి, అందరికీ టోపీ ఎత్తాడు.

"లెక్క చూడకుండానే పారిపోతున్నారా దొరగారూ?" అన్నాడు గాస్పరే.

"ఉన్నది నాలుగింటి బస్సొక్కటేగా," అన్నాడతను నవ్వుతూ.

మూడయింది. తలుపులు మూశారు.

"ఓటర్లు ఆరువందల పదకొండు. వేసినవాళ్లు రెండువందల నలభై ఎనిమిది," అని చదివాడు పట్నం నుంచి వచ్చిన ప్రిసైడింగ్ ఆఫీసరు.

సగానికి యాభై ఎనిమిది తక్కువ! ఊళ్లో ఉన్నవాళ్లలో రానివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతా వాళ్లంతా అర్జెంటీనాలోనూ బెల్జియంలోనూ ఉన్నారు, పేర్లు మాత్రం ఇక్కడి జాబితాలో ఉన్నాయి; వాళ్లనీ లెక్కలో వేస్తారని నివెస్ అనుకోలేదు. ఆమె బల్ల మీద తల వాల్చేసింది.

ఆఫీసరు చీటీలన్నీ విప్పి లెక్కపెట్టాడు. గోడకి ఫలితం కాగితం అంటించాడు.

"లేవండమ్మా. మీరు గెలిచారు."

"సగం రాలేదుగా?" అన్నాడు గాస్పరే.

"సగం రావాలన్నది ఒక్క ప్యానెలే నిలబడినప్పుడు. పోయినసారి అలాగే పోయింది మీ ఎన్నిక. ఎదురు ప్యానెల్ ఉంటే ఎంతమంది వేసినా చెల్లుతుంది."

నివెస్ లేచి నిలబడింది.

"ఆ సంగతి... ఆయనకి తెలుసా?" అంది నివెస్.

"తెలియకేం? వాల్దోర్సా అనే ఊరి పేరు విన్నారా?"

"అవతలి లోయలో ఉండేది. ఇప్పుడక్కడ ఎవరూ లేరు."

"అక్కడ ఎదురు ప్యానెల్ లేకుండా ఒంటరిగా నిలబడ్డది ఈయనే. పదకొండు ఓట్లు తక్కువై ఎన్నిక చెల్లలేదు. ముందు బడి పోయింది, తర్వాత వైద్యుడు పోయాడు, ఆ తర్వాత ఊరే పోయింది."

"మరి మాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే అది పోటీ ఎలా అవుతుంది? ఉత్తుత్తి ప్యానెల్ అని కొట్టేసేవారు."

గాస్పరే పరుగందుకున్నాడు. అరవై దాటిన మనిషి అంత జోరుగా పరిగెత్తడం మేమెప్పుడూ చూడలేదు. అతను చేరేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. అస్సుంతా గదికి వెళ్లి చూస్తే నేల ఊడ్చి ఉంది. బల్ల మీద తాళంచెవి ఉంది.

బడిలో నివెస్ ఒక్కతే మిగిలింది. గోడ మీది కాగితం ముందు నిలబడి, అంకెల్ని వేలితో మళ్లీ మళ్లీ తడుముతోంది.

ఓటేసినవాళ్లు రెండువందల నలభై ఎనిమిది. ఆమెకు పడినవీ రెండువందల నలభై ఎనిమిదే.