వెళ్ళొస్తా

వానలు దిగేలోపు కొత్త ఇళ్ళకి కప్పు పడాలి. తుఫానుకి ఇళ్ళు పోయిన జాలర్లంతా గుడారాల్లోంచి ఆ గోడలవైపే చూస్తున్నారు. చెప్పిన మాట విని రాత్రుళ్ళు కూడా ఒంటరిగా గోడ కట్టాల్సిన యంత్రమేమో, మంగతాయారు మేస్త్రి పొద్దున్నే వచ్చేసరికి చెయ్యెత్తి అలాగే నిలబడి ఉంటోంది. గోడ మీద ఒక్క వరస కూడా పెరగడం లేదు.

ఇంజనీరు ఇర్ఫాన్ దాన్ని విప్పి చూశాడు. లోపమేమీ దొరకలేదు.

“సాయంత్రం దానికేం చెప్పి వెళ్తున్నారమ్మా?”

“ఏం చెప్తాను బాబూ, వెళ్ళొస్తానంటాను.”

ఇర్ఫాన్ పడీపడీ నవ్వాడు. “అదీ సంగతి. వస్తానన్నారుగా, మీకోసం కాచుకునుంటోంది. వెళ్తున్నానని చెప్పండి, చాలు.”

“కొత్తింటి ముందు నిలబడి ఆ మాట అనమంటావా? నా నోట రాదు.” ఆవిడ యంత్రంవైపు తిరిగింది. “ఇదిగో, వెళ్ళొస్తానంటే రేపొస్తానని. నేనొచ్చేలోపు నీ పని నువ్వు కానియ్.”

మర్నాడు పొద్దున్న ఆడవాళ్ళు గుడారాల దగ్గరే ఆవిడకి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని పరుగు పెట్టించారు. గోడలు కిటికీల పైదాకా లేచి ఉన్నాయి. ఆవిడ కొంగు బిగించి, చెప్పులైనా విప్పకుండా వాటిచుట్టూ గిరగిరా తిరిగింది.

కప్పు పడింది. ఆ వెనకే వాన పడింది. యంత్రాన్ని ఇంకో ఊరికి లారీ ఎక్కించారు. గేటు దాటుతూ అది మొదటిసారి గొంతు విప్పింది.

“వెళ్ళొస్తా మేస్త్రమ్మా.”

పక్క వరస ఇళ్ళకి వేరే యంత్రాన్ని పిలిపిద్దామని ఇర్ఫాన్ ఫోన్ తీశాడు. మంగతాయారు దాన్ని లాక్కుంది.

“ఆగు బాబూ. వస్తానని చెప్పిందిగా.”